ఆలోచించి పెట్టే పని ఎవరిది? కేంద్ర కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఒక ప్రైవేటు సంస్థలో చాలా ఏళ్లుగా పనిచేస్తూ, ప్రస్తుతం ఒక బృందం బాధ్యతలు చూస్తున్న ఉద్యోగినిగా ఈ లేఖ రాస్తున్నాను. ఉద్యోగాల్లోకి వచ్చే మహిళల సంఖ్య పెరగాలని ప్రభుత్వం కోరుకోవడం సంతోషమే. అయితే వచ్చినవాళ్లలో నిర్ణయాధికారం ఉన్న కుర్చీ దాకా చేరేవాళ్లు ఎందుకింత తక్కువ అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, మహిళల ఆత్మవిశ్వాసం గురించి, నాయకత్వ శిక్షణ గురించి మాట్లాడుకుని ఊరుకుంటున్నాం. ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరి తరఫునా ముందుగా ఆలోచించి పెట్టే పని ఎవరి నెత్తిన పడుతోందన్నది మాత్రం చర్చకే రావడం లేదు.

ఇంటిని నడిపే ఈ మానసిక శ్రమను అమెరికన్ సమాజ శాస్త్రవేత్త ఆలిసన్ డేమింగర్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు దశలుగా విడదీసి చూపారు. రాబోయే అవసరాన్ని పసిగట్టడం, దాన్ని తీర్చే దారులు వెతకడం, వాటిలో ఒకదాన్ని నిర్ణయించడం, ఆ తర్వాత అది సవ్యంగా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండడం. ఆమె ఇంటర్వ్యూ చేసిన దంపతుల్లో నిర్ణయం తీసుకునే దశలో భర్తలు కూడా బాగానే పాలుపంచుకున్నారు. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఎక్కువగా భార్యల వంతయ్యాయి. ఆఫీసుల్లో నేను చూస్తున్నదీ అచ్చంగా ఇదే.

మా బృందంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ముఖ్యమైన సమీక్షకు ముందు రోజు, క్లయింటుకు పంపాల్సిన నివేదికలో ఒక అనుబంధం చేర్చలేదని గమనించింది ఒక సహోద్యోగిని. కొత్తగా చేరిన కుర్రాడికి ఇంకా లాగిన్ రాలేదని గుర్తుపెట్టుకుని ఐటీ విభాగానికి రెండోసారి మెయిల్ పెట్టిందీ, ఇద్దరు ఒకే వారంలో సెలవు అడిగారని ముందే చూసి పనులు సర్దిందీ ఆమే. మర్నాడు సమీక్ష ఏ ఆటంకమూ లేకుండా సాగింది, నివేదికను వివరించిన మరో ఉద్యోగికి అభినందనలు దక్కాయి. ఏడాది చివర ఆమె పనితీరు మదింపులో పై అధికారి రాసిందేమిటంటే, ఈమె అందరికీ సాయపడుతుంది కానీ వ్యూహాత్మకంగా ఆలోచించడం ఇంకా అలవరచుకోవాలని. రాబోయే ఇబ్బందిని ముందే చూసి తప్పించడం వ్యూహం కాకపోతే మరేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మంటలు ఆర్పినవాళ్ల పేరు అందరికీ తెలుస్తుంది, అసలు నిప్పే అంటుకోకుండా చూసినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. జరగని పొరపాటుకు మదింపు పత్రంలో గడి లేదు.

ఇక ఇంటి సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే మహిళలు అందుకు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. ఎంతో విలువైన అంకెలివి, నేను వాటిని తక్కువ చేయడం లేదు. కానీ ఆ సర్వే రోజును అరగంట చొప్పున విభజించి, ఒకే అరగంటలో పలు పనులు జరిగితే కనీసం పది నిమిషాలు సాగిన మూడింటిని మాత్రమే నమోదు చేస్తుంది. మీటింగు మధ్యలో బడి నుంచి వచ్చిన మెసేజ్ చూసి, రేపటికి చార్టు కొనాలని మనసులో రాసుకున్న నిమిషం ఆ పట్టికలో ఎక్కడా పడదు. అలాంటి నిమిషాలు రోజంతా చెదురుమదురుగా వస్తూనే ఉంటాయి, పెద్ద బాధ్యత ఇస్తామన్నప్పుడు ఒక మహిళ వెనకాడడానికి చాలాసార్లు అవే కారణం.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, సంపన్న దేశాల్లో ఒకే వృత్తిలో ఉన్న స్త్రీ పురుషుల ఆదాయాల మధ్య తేడా ప్రధానంగా తొలి బిడ్డ పుట్టుకతోనే మొదలవుతోందని చూపించారు. సరిగ్గా ఆ దశలో మన చట్టం ఏం చేస్తోందో పరిశీలించమని మిమ్మల్ని కోరుతున్నాను. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అది తల్లుల హక్కు, అందులో ఒక్క రోజు కూడా తగ్గకూడదు. కానీ ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా పథకం పరిధిలోకి రాని ఉద్యోగినుల విషయంలో ఆ వేతనం మొత్తం యజమానే భరించాలి, ప్రైవేటు రంగంలో తండ్రికి మాత్రం చట్టప్రకారం ఒక్క రోజు సెలవు కూడా లేదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న నిబంధనలో కూడా, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే అవకాశం మహిళకే ఇచ్చారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్-2020 కూడా అదే మాటను కొనసాగించింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లోనూ 730 రోజుల శిశు సంరక్షణ సెలవు మహిళలకు, ఒంటరి తండ్రులకే తప్ప, భార్య ఉన్న తండ్రికి వర్తించదు. తల్లి మేలు కోరి రాసిన నిబంధనలే, బిడ్డ గురించి ఆలోచించాల్సింది ఆమె ఒక్కతేనని యజమానికీ, భర్తకూ చెబుతున్నాయి. పదోన్నతి జాబితా తయారయ్యేటప్పుడు ఆ మాట ఆమెకు ఎదురు తిరుగుతోంది.

బోర్డుల్లో మహిళలు ఉండాలన్న నియమాలు మనకు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం నిర్దేశిత కంపెనీలకు కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలంది, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీల్లో స్వతంత్ర మహిళా డైరెక్టరును తప్పనిసరి చేసింది. మంచిదే. అయితే నిచ్చెన మధ్య మెట్లలో ఆగిపోతున్నవాళ్ల కష్టాన్ని ఈ నియమాలు తీర్చలేవు.

అందుకే మీ శాఖను కోరేది ఇది. సామాజిక భద్రత కోడ్‌ను సవరించి, తండ్రులకు వేతనంతో కూడిన సెలవు హక్కుగా ఇవ్వండి. అది తల్లికి బదిలీ చేసేందుకు వీల్లేనిదిగా, వాడుకోకపోతే పోయేదిగా ఉండాలి, లేకపోతే కాగితం మీదే మిగిలిపోతుంది. తల్లి సెలవు ఖర్చు, తండ్రి సెలవు ఖర్చు రెండూ ఒక్క యజమాని మీద పడకుండా, ఈఎస్‌ఐ తరహాలో అందరూ చందా కట్టే నిధి నుంచి చెల్లించే మార్గం చూడండి. శిశు సంరక్షణ కేంద్రానికి వెళ్లే వెసులుబాటు తల్లిదండ్రుల్లో ఎవరికైనా వర్తించాలి. దీనికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

సెబీ నిబంధనల ప్రకారం ఏటా ఇచ్చే సుస్థిరత నివేదికలో, ప్రసూతి, పితృత్వ సెలవుల తర్వాత ఎంతమంది తిరిగి విధుల్లో చేరారో పెద్ద కంపెనీలు ఇప్పటికే చెబుతున్నాయి. అలా తిరిగి వచ్చినవాళ్లలో ఎంతమందికి పదోన్నతి వచ్చిందో స్త్రీ పురుషులవారీగా చెప్పాలని మీరు సెబీని కోరవచ్చు. అలాగే తదుపరి కాల వినియోగ సర్వేలో, ఇంట్లో ఏ పని ఎవరు చేశారన్న ప్రశ్నతో పాటు అది చేయాలని ఎవరు గుర్తుపెట్టుకున్నారన్న ప్రశ్న కూడా చేర్చమని గణాంక శాఖకు రాయండి. వీటిలో దేనిపై మీ శాఖ ముందుకు వెళ్లదలచిందో, దేనికి అభ్యంతరం ఉందో బహిరంగంగా తెలియజేయాలని మనవి.

భవదీయురాలు,
ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగిని