పరగడుపున వచ్చేవాళ్ల కోసం లాబ్ పొద్దున్నే తియ్యండి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

మీ పత్రికలో వచ్చే ఆరోగ్యం పేజీ నేను కత్తిరించి దాచుకుంటాను. షుగరు ఉన్నవాళ్లు ఏం తినాలి, పాదాలు ఎలా చూసుకోవాలి, ఇన్సులిన్ ఎక్కడ పొడుచుకోవాలి అన్నీ వివరంగా రాస్తారు. కానీ షుగరు ఉందో లేదో తేలక, రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న నాలాంటి వాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాకు 42 ఏళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. మా నాన్నగారికి షుగరు ఉండేది. మడమ మీద పుండు ఎంతకీ మానకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం, అప్పుడు బయటపడింది. ఆ కాలికి రెండు వేళ్లు తీసేశారు. కాబట్టి నా టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. ఎండాకాలంలో దాహం ఎక్కువైతే ఎండలకే అనుకున్నాను. వానలు పడ్డాయి, దాహం తగ్గలేదు. రాత్రి పడుకున్నాక మాటిమాటికీ లేవాల్సి వస్తోంది. సాయంత్రమయ్యేసరికి సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్లజోళ్ల షాపాయన "చత్వారం అమ్మా, నలభై దాటితే అందరికీ వచ్చేదే" అన్నాడు. అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు.

మా నాయనమ్మ ఒంటేలు పోసిన చోట చీమలు పడితే తీపి జబ్బు అనేది. మొన్నొక రోజు బాత్రూంలో చీమల బారు కనపడింది. గుండె ఝల్లుమంది. అవి ఎటు పోతున్నాయో చూస్తూ అలాగే నిలబడ్డాను. బయట మా అబ్బాయి కాలేజీకి టైమైపోతోందని తలుపు బాదుతున్నాడు. చివరికి అవి సబ్బుపెట్టె వెనక గోడ పగుల్లోకి పోయాయి. వానాకాలం చీమలు, వాటి పని వాటిది. తర్వాత నర్సమ్మగారిని అడిగితే, రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుందని, చీమలు పట్టనంత మాత్రాన షుగరు లేనట్టు కాదని చెప్పారు. అంటే చీమలు వచ్చినా భయమే, రాకపోయినా భయమే!

మా వీధికి వచ్చే ఆశా అమ్మాయి 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఒక ఫారం నింపుతుంది. సిగరెట్టు, మందు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీయో ఉందా, రోజూ ఒళ్లు కదిలే పని చేస్తారా అని అడుగుతుంది. నడుము కూడా కొలుస్తుంది. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. ఆ పిల్ల తెచ్చిన టేపు సాగిపోయి ఉంటే నా టేపే ఇచ్చాను. ఊళ్లో అందరి నడుములూ కొలిచేదాన్ని, నాది 36 అంగుళాలని, అంటే 91 సెంటీమీటర్లని, ఆ రోజే తెలిసింది. మొత్తం నాలుగు మార్కులు దాటినవాళ్లని ముందుగా పరీక్షలకి పంపాలట. నాకు దాటాయి. మార్కులు ఎక్కువొస్తే ఏడుపొచ్చిన పరీక్ష ఇదొక్కటే.

మధ్యలో మందుల షాపులో వేలు పొడిపించుకుంటే 168 చూపించింది. ఇడ్లీ తిని, టీ తాగి వెళ్లాను. ఆ కుర్రాడు "షుగరేనండీ, టాబ్లెట్లు ఇచ్చెయ్యమంటారా" అన్నాడు, బిస్కెట్ పాకెట్టు అడిగినంత తేలిగ్గా. నేను తీసుకోలేదు. సర్కారు ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పింది వేరు. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరు. 100 నుంచి 125 దాకా అంచు మీద ఉన్నట్టు. తిన్నాక ఎప్పుడో పొడిస్తే వచ్చిన అంకె పట్టుకుని తేల్చరు, అది 200 దాటి లక్షణాలు కూడా ఉంటే తప్ప. వేలి మీద పొడిచే మిషను ఉన్న షుగరు ఎంతుందో ఎప్పటికప్పుడు చూసుకోవడానికే గానీ, జబ్బు నిర్ధారించాలంటే నరంలోంచి రక్తం తీసి లాబ్‌లోనే చూడాలట. నాకు రక్తహీనత కూడా ఉంది. ఐరన్ తక్కువైతే మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని, అందుకని పరగడుపు పరీక్ష కూడా చేయించమని రాశారు. ఇంత ఓపిగ్గా చెప్పిన డాక్టరుగారికి దణ్ణం పెట్టాలి.

అసలు బాధ ఆ చీటీ పట్టుకుని లాబ్ దగ్గరికి వెళ్లాక మొదలైంది. రాత్రి ఎనిమిదింటికి తిని, పొద్దున మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా రమ్మన్నారు. ఏడింటికే వెళ్లాను. ఓపీ చీటీల కిటికీ తొమ్మిదికి తెరిచారు. టెస్టు రాసిన కాగితం చేతిలో ఉన్నా ఆ రోజు చీటీ మళ్లీ తీసుకోవాలట. లాబ్ గది తొమ్మిదిన్నర దాటాక తీశారు. నా వంతు వచ్చేసరికి పదకొండయింది. పరగడుపుకి ఎనిమిది గంటలు చాలంటారు, నాకు పదిహేనయ్యాయి. తిన్న రెండు గంటలకు ఇవ్వాల్సిన రెండో రక్తం ఆ రోజు కుదరలేదు. పన్నెండు తర్వాత తీసుకోరు. "రేపు రండి." రేపు మళ్లీ అదే కిటికీ, అదే చీటీ. అవతల పెళ్లివారి జాకెట్లు కట్ చేసి పెట్టినవి అలాగే ఉన్నాయి.

నా సంగతి సరే. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు, పాత షుగరు పేషెంటు. రోజూ వేసుకునే మాత్ర అలవాటు కొద్దీ ఖాళీ కడుపుతో వేసుకుని వచ్చారు. పదిన్నరకి చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. షుగరు బాగా పడిపోయిందన్నమాట. ఎదురుగా ఉన్నావిడ చంటిపిల్లాడి చేతిలో చాక్లెట్ లాక్కుని ఆయన నోట్లో పెట్టింది. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు, ఆయన కాసేపటికి తేరుకున్నారు. ఇక పరగడుపు పరీక్ష ఎక్కడిది? "రేపు రండి తాతగారూ."

ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ రాయక తప్పదు. ఆ వరండాలో కూర్చున్నవాళ్లలో సగం మందికి మాటిమాటికీ వెళ్లాల్సిన ఇబ్బంది ఉంటుంది. ఆ పరీక్షలకే కదా వచ్చేది. అక్కడి బాత్రూంకి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేదు.

హెచ్‌బీఏ1సీ రక్తం జిల్లా కేంద్రానికి పంపారు. ఎప్పుడొస్తుందంటే "వచ్చే వారం కనుక్కోండి" అన్నారు. ఆ వారం దాటింది. ఈలోపు సలహాలకి కొదవ లేదు. మా వదిన మెంతులు నానబెట్టి తాగమంటుంది, పక్కింటి పిన్నిగారు నేరేడు గింజల పొడి పంపారు, జాకెట్టు కొలతలకి వచ్చినావిడ కాకరకాయ రసం అంది. రిపోర్టులన్నీ వచ్చేదాకా తిండి ఏమీ మార్చొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు కాబట్టి నేరేడు పొడి డబ్బా మూత తియ్యలేదు. పరీక్షకి ముందు రెండు రోజులు అన్నం మానేసి "నాకు నార్మల్ వచ్చింది" అని సంబరపడేవాళ్లని నేను చూశాను. ఎవర్ని మోసం చేసినట్టు? మా అబ్బాయి మాత్రం నేను మంచినీళ్ల బాటిల్ ఎత్తిన ప్రతిసారీ నా మొహంలోకి చూస్తున్నాడు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది, 13 కోట్ల మందికి పైగా ఆ అంచున ఉన్నారు. ఇంటింటికీ ఆశాలని పంపి, మార్కులు వేసి, పరీక్షలకి రమ్మనడం మంచి పనే. రమ్మన్నాక ఆకలితో వచ్చినవాళ్ల కోసం లాబ్ పొద్దున్న ఆరున్నరకో ఏడుకో తియ్యలేరా? రోజూ కాకపోతే వారానికి రెండు రోజులు తియ్యండి. పరీక్ష రాసిన చీటీ మీదే రక్తం తీసుకోండి, మళ్లీ ఓపీ చీటీ ఎందుకు? ఏడింటికి తీస్తే ఎనిమిదింటికి టిఫిన్ తిని పదింటికల్లా రెండో రక్తం కూడా ఇచ్చేసి, కూలికి వెళ్లేవాళ్లు సగం రోజు పనైనా చేసుకుంటారు. ఇప్పటికే మందు వాడుతున్న పెద్దవాళ్లని ముందు పిలవండి. ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుతో చీటీ మీదే రాయించండి. రిపోర్టు ఏ తేదీకి వస్తుందో కూడా రాయండి. ఆలస్యమైతే ఒక ఫోనో, మెసేజో. ఆ బాత్రూం తాళం కూడా.

జిల్లా వైద్యాధికారుల కంట పడేలా ఈ ఉత్తరం వేస్తారని ఆశిస్తున్నాను. నా పేరు, ఊరి పేరు మాత్రం వెయ్యకండి. అక్కడ రక్తం తీసే అమ్మాయి ఒక్కతే. అన్ని ట్యూబులూ ఆమే నింపాలి, పేర్లూ ఆమే రాయాలి. ఇది చదివి ఎవరైనా ఆమెని మందలిస్తే నాకు బాధగా ఉంటుంది. ఆమెకి తోడు ఇంకొకరిని వేస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా