మచ్చల నారు కొన్నవాళ్ళకి

నవంబరు చివర్లో, డిసెంబరు మొదటి వారంలో ఒడిశాలో, సెమిలిగుడలోని మా నర్సరీలో క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు కొన్నవాళ్ళు ఇది చదవండి. పొట్టంగి, సుంకి నుంచే కాదు, ఘాట్ కింద సాలూరు నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. "ఆకుల మీద మచ్చలు పడ్డాయి, మీ దగ్గరే ఉందా అది?" అని. ఉందండీ. తప్పు నాదే.

అది ఆల్టర్నేరియా అనే బూజుతో వచ్చే ఆకుమచ్చ తెగులు. ముందు ఆవగింజంత నల్ల చుక్క కనిపిస్తుంది. తర్వాత అది గోధుమరంగుకి తిరిగి, లోపల ఒకదానిలో ఒకటి వలయాలు, చుట్టూ పసుపు వేస్తుంది. నేను చుక్కలప్పుడే చూశాను. మంచుకి మాడాయనుకుని ట్రేలు ఎక్కించేశాను.

నారుకి నీడనిచ్చే షేడ్‌నెట్ పక్కన కాస్త ఆవాలు వేశాను. మనకి ఆవాలంటే పోపుడబ్బాలో గుప్పెడే గానీ, ఇక్కడ ఇరుగుపొరుగుకి వంటే ఆవనూనెతో. ఆ రుచి మాకూ అంటింది. ఇంట్లో దాచిన గింజలే చల్లాను. ఈ బూజు విత్తనంతోనూ వస్తుంది, పాత పంట చెత్తలోనూ బతుకుతుంది. ఆవాలు, క్యాబేజీ ఒకే కుటుంబం కదా, గాలికి ఇటు వచ్చేసింది. పైగా సాయంత్రాలు పైనుంచి నీళ్ళు కొట్టించాను. ఈ చలిలో ఆ తడి పొద్దెక్కేదాకా ఆరదు. ఇంకేం కావాలి దానికి?

ఆవాల మడి పీకి పూడ్చేశాం. నీళ్ళు ఇప్పుడు పొద్దున్నే, ఆకుల మీద కాదు, మొక్క మొదట్లోనే.

మచ్చలు కింది ఆకులకే ఉంటే మొక్క పీకొద్దు. ఆ ఆకులు తుంచి పాతెయ్యండి. మాంకోజెబ్ అనే బూజు మందు లీటరు నీళ్ళకి రెండున్నర గ్రాములు కలిపి కొట్టండి, మందుని ఆకుకి అంటించే స్టిక్కర్ తప్పకుండా కలపండి. క్యాబేజీ ఆకు మైనం పూసినట్టుంటుంది, ఉత్త మందునీళ్ళు జారిపోతాయి. ఆకు అంచు నుంచి 'వి' ఆకారంలో పసుపు దిగితే మాత్రం అది నల్లకుళ్ళు, బ్యాక్టీరియా. దానికి ఈ మందు దండగ.

నారు డబ్బులు వెనక్కిస్తాను, లేదా జనవరిలో కొత్త ట్రేలు. రసీదు లేకపోయినా నా పుస్తకంలో పేర్లున్నాయి. మందుల ఖర్చు కూడా ఇమ్మని ఇద్దరు అడిగారు, న్యాయమే, కానీ ఈ సీజన్‌లో అంత శక్తి లేదు.

చూపించడానికి మొక్కలు పట్టుకుని నర్సరీకి రావద్దు. వాట్సాప్‌లో ఫోటో చాలు.