మా చెరువు కట్టను కాపాడిన అందరికీ కృతజ్ఞతలు

మొన్నటి వానలకు తిరుపతి దగ్గరి మా ఊరి చెరువు నిండి రెండు రోజులు మొరవ (చెరువులో ఎక్కువైన నీరు బయటికి పోయే దారి) పారినా, కట్ట కింది వీధుల్లో ఎవరికీ ఏ హానీ జరగలేదు. అందుకు కారకులైన జలవనరుల, రెవెన్యూ, పంచాయతీ సిబ్బందికి, ఆయకట్టు రైతులకు, మా ఊరి యువకులకు మా కుటుంబం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

2021 నవంబరును ఇక్కడెవరూ మరచిపోలేరు. స్వర్ణముఖి పొంగి ఒడ్డున ఉన్న ఇళ్లను కోసేసింది. రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతుండగా కింది పల్లెలను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే మా వీధికి కబురు అందేసరికి నీళ్లు గడప దాటాయి. నడవలేని మా అమ్మను మంచంతో సహా మోసుకుని బడికి చేర్చాము.

ఈసారి ఈశాన్య రుతుపవనాలు రాకముందే అధికారులు మాతో కలిసి కట్టంతా నడిచారు. తూము పక్కన ఎలుకలు తొలిచిన బొక్కలను పొలాలకు నీళ్లు వదిలే మా నీరుగట్టి పెద్దాయన కర్రతో పొడిచి చూపిస్తుంటే, ఇంజనీరుగారు వంగి చూసి ఒక్కొక్కటే పుస్తకంలో రాసుకున్నారు. మావి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మొరవ నీళ్లే మా చెరువులోకి దిగుతాయి. కనుక అక్కడ మొరవ పారగానే ఆ ఊరివారు మాకు ఫోన్ చేయాలని రెండు ఊళ్లూ మాట అనుకున్నాయి. మొరవ కాలువ మీదికి వచ్చిన కయ్యల (మడుల) గట్లను వెనక్కి జరపడం మాత్రం తేలికగా తేలలేదు, మూడుసార్లు రచ్చబండ దగ్గర కూర్చోవలసి వచ్చింది. చివరికి తమ గట్లను తామే తీసిన ఆ రైతులకు ఊరంతా ఋణపడి ఉంది.

వృద్ధులు, గర్భిణులు, రోగులు ఏ ఇంట్లో ఉన్నారో, వారిని ఎవరు తీసుకువెళ్లాలో పట్టిక రాసి మా గ్రామ సచివాలయంలో అంటించారు. పై ఊరి నుంచి ఫోన్ వచ్చిన రాత్రి దండోరా ముగియకముందే ఇద్దరు పిల్లలు కుర్చీతో మా గుమ్మంలో నిలబడి, "అవ్వా, మాత్రల సంచి ఎక్కడ?" అని అడిగారు. ఆ సంచి సంగతి కూడా పట్టికలో రాసి ఉంది.

ఊరి బయటి కాజ్‌వే మీద నీరు పారేటప్పుడు దారి మూసే గేటు ఇంకా లేదు. దాన్ని వచ్చే వానలలోపు పెట్టించవలసిందిగా అధికారులను వేడుకుంటున్నాను. మా వీధికి కొత్తగా రెండు కుటుంబాలు వచ్చాయి, వారి పేర్లు పట్టికలో చేర్పించడానికి రేపు నేనే సచివాలయానికి వెళ్తున్నాను.