కిటికీలో డబ్బా

ఒరేయ్ శీనూ,

ఎట్టా ఉన్నావురా. మొన్న నువ్వు ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేశా చూడు, పనేం లేదు, పక్కన నాన్న కూర్చుని ఉన్నాడు, అందుకే మాట్లాడలేకపోయా. అయినా ఫోన్లో చెప్పబోతే నాకు గొంతు పూడుకుపోతది, రాస్తే అంతా చెప్పగలనేమో అని రాత్రి పదకొండింటికి కూర్చున్నా. పెద్ద ఉత్తరమే, తీరిగ్గా చదువు.

నాన్నతో పాటు కొట్లో లెక్కలు రాసే ఆయన గుర్తున్నాడా, పొడుగ్గా ఉంటాడు, మనం చిన్నప్పుడు మిర్చి యార్డుకి వెళ్తే గోలీసోడా ఇప్పించేవాడు. ఆయనకి టీబీ అని తేలింది. ఊపిరితిత్తుల్లో. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ దగ్గుతానే ఉన్నాడంట, మిర్చి దగ్గర పనిచేసేవాడు దగ్గితే ఎవరు పట్టించుకుంటారు చెప్పు, అక్కడ అడుగు పెడితే చాలు మనకే కళ్ళూ ముక్కూ కారిపోయేవి, హమాలీలు మూతికి తువ్వాలు కట్టుకుని టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోస్తారు. ఆయనా ఘాటే అనుకున్నాడు, ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు, చివరికి కళ్ళెలో రక్తం కనపడ్డాక గవర్నమెంటాసుపత్రికి పోతే పరీక్ష చేసి అదే రోజు చెప్పేశారు. ఇప్పుడు మందులు మొదలుపెట్టాడు. మొదటి రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని భయపడి మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తాడంట పాపం, అది ఆ మాత్ర రంగేనంట, రక్తం కాదంట.

ఆయన సంగతి దారిలో పడింది, నా భయం నాన్న గురించి. సీజనంతా, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, వీళ్ళిద్దరూ కొట్టు వెనక గదిలో రాత్రి పది దాకా పట్టీలు రాస్తా కూర్చున్నారు, ఆ గదికి కిటికీ లేదురా, దుమ్ము రాకుండా తలుపు కూడా దగ్గరకి వేసుకునేవాళ్ళు. మూడు నెలలు ఇద్దరూ పీల్చింది అదే గాలి. కంచాల్లో గ్లాసుల్లో అంటే జబ్బు కాదిది, గాల్లోనే అంటుకుంటది, దగ్గినప్పుడు వచ్చే సన్న తుంపర అట్టాంటి మూసిన గదుల్లో గంటల తరబడి తేలతానే ఉంటదంట. ఆ గది తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు.

నాన్న దగ్గుతున్నాడు శీనూ. ఏప్రిల్ చివర్లో మొదలైంది. అడిగితే 'ఘాటురా' అంటాడు. సరే అనుకున్నా. కానీ యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చి ఇప్పటికి మూడు వారాలు, మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఘాటు లేదు, దుమ్ము లేదు, దగ్గు మాత్రం తగ్గలేదు. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించుకున్నాడు. సాయంత్రం అయితే ఒళ్ళు వెచ్చగా ఉంటంది, అమ్మ చెయ్యి పెట్టి చూడబోతే విదిలించుకుంటాడు. పైగా తొమ్మిదేళ్ళ నుంచి షుగరు.

బతిమాలి బతిమాలి పోయిన బుధవారం తీసుకెళ్ళా. ఎక్స్‌రేలో కుడివైపు పైన మబ్బు పట్టినట్టు చిన్న మచ్చ ఉంది. డాక్టరమ్మ చాలా నిమ్మళంగా మాట్లాడింది, దీన్ని చూసి ఏదీ చెప్పలేం, కళ్ళె పరీక్ష చేస్తేనే తెలుస్తది అంది. క్రిమి లోపలికి పోయిన ప్రతివాళ్ళకీ జబ్బు రాదంట, నూటికి అయిదు నుంచి పది మందికే ఎప్పుడో ఒకప్పుడు బయటపడతదంట, మిగతావాళ్ళలో ఒళ్ళే దాన్ని అణిచిపెట్టేస్తదంట. అది విని కాస్త ఊపిరి తీసుకున్నా, వెంటనే షుగరు ఉంటే ఆ ప్రమాదం రెండు మూడు రెట్లు ఉంటది అంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు ఇచ్చి ఒకటి పొద్దున్నే లేవగానే పట్టి తీసుకురమ్మంది. నాన్న తలూపి, ఇంటికొచ్చి ఆ డబ్బాలు కిటికీలో పెట్టాడు. ఇవ్వాళ్టికి నాలుగు రోజులు. రోజూ దాని పక్కనున్న అద్దంలోనే చూసుకుని గడ్డం గీసుకుంటాడు, దాన్ని మాత్రం ముట్టుకోడు.

చెల్లి పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది, ఎనిమిదో నెల. దాని కూతురికి మూడేళ్ళు, అది వచ్చిన దగ్గర్నుంచీ తాతయ్య పొట్ట మీదే పడుకునేది. పుట్టగానే బీసీజీ వేయించాం కదన్నయ్యా అని చెల్లి అంటంది. నేను డాక్టరమ్మని అదే అడిగా. ఆ టీకా పసిపిల్లల్ని మెదడుకి పాకే టీబీ లాంటి పెద్ద ప్రమాదాల నుంచి చాలావరకు కాపాడతది, అసలు రాకుండా ఉంటదని మాత్రం అనుకోవద్దు అంది. నాన్నకి ఉందని తేలితే ఇంట్లో అందర్నీ చూస్తారంట, అయిదేళ్ళలోపు పిల్లలకి జబ్బు లేదని నిర్ధారించుకుని ముందుజాగ్రత్త మందు ఇస్తారంట. అంటే పాప సంగతి తేలాలన్నా ముందు ఆ డబ్బా నిండాలి. ఇంత చిన్న విషయం దగ్గర ఇల్లంతా ఆగిపోయిందిరా.

ఆశా వర్కర్ కూడా వచ్చింది, ఆ లెక్కలు రాసే ఆయనతో దగ్గరగా మెలిగినవాళ్ళ పేర్లు రాసుకుంటా. నాన్న గుమ్మంలోనే నిలబెట్టి 'మా ఇంట్లో ఎవరికీ ఏం లేదమ్మా, పేరు రాయొద్దు' అని పంపించేశాడు. కోపం వచ్చింది గానీ ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మా చిన్నతాతయ్యని నాన్న పుట్టకముందే మదనపల్లె శానిటోరియంకి, అదే ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రికి, పంపించారు, మళ్ళీ తిరిగి రాలేదు. మా నాయనమ్మ బతికినన్నాళ్ళూ టీబీ అనే మాట నోటితో పలకలేదు, 'మదనపల్లె జబ్బు' అనేది, అదీ గొంతు తగ్గించి. నాన్న చెవిలో ఇంకా అదే ఉంది. ఆ రోజులు పోయాయి నాన్నా, 1950ల చివర్లోనే మన మద్రాసులో పరీక్షించి చూశారు, కొంతమందిని శానిటోరియంలో, కొంతమందిని ఇంట్లోనే ఉంచి అవే మందులిస్తే ఇద్దరికీ ఒకలాగే తగ్గింది, ఇంట్లో ఉన్నవాళ్ళకీ దానివల్ల ఎక్కువగా అంటలేదు, మందు మొదలవ్వకముందు అంటుకునేదే ఎక్కువ అని చెప్పా. విన్నాడు. ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు నీతో ఒకటి చెప్పాలి, ఇన్నేళ్ళు చెప్పలేదు. మనం ఇంటర్ చదివేటప్పుడు, 2009లో, పెద్దమ్మకి టీబీ వచ్చింది కదా. రోజు మార్చి రోజు సెంటర్‌కి వెళ్ళి వాళ్ళ ముందే మాత్రలు మింగాల్సొచ్చేది, నువ్వు సైకిల్ మీద తీసుకెళ్ళేవాడివి. అప్పుడు రెండు నెలలు నేను మీ ఇంటికి రాలేదు. చదువుకుంటున్నానని చెప్పా. చదువు కాదు శీనూ, వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగొద్దని అమ్మ అంది, నేను విన్నా. నాకది ఇప్పటికీ గుచ్చుకుంటానే ఉంది, నన్ను క్షమించు. కానీ నాన్న వచ్చేవాడు, నీకు గుర్తుండే ఉంటది. రోజూ కొట్టు నుంచి వస్తా మీ అరుగు మీద కూర్చుని 'వదినా, కాఫీ' అని అడిగి మరీ తాగేవాడు. అమ్మ గొడవ పెట్టుకుంటే 'మనం కూడా పోకపోతే ఆ మనిషి ఎవరితో మాట్లాడాలే' అన్నాడు. అట్టాంటి మనిషి ఇవ్వాళ తనదాకా వచ్చేసరికి నోరు మూసుకు కూర్చున్నాడు.

ఆయనకి తెలియక కాదురా. రెండు రోజుల నుంచి మంచం తనే ఎత్తుకెళ్ళి వేపచెట్టు కింద వేసుకుంటున్నాడు, అడిగితే లోపల ఉక్కగా ఉంది అన్నాడు. పాప మీదకి ఎక్కబోతే మొహం అటు తిప్పి, దూరంగా కూర్చోబెట్టి కథ చెప్తున్నాడు. తాతయ్య నన్నెత్తుకోవట్లేదు అని అది ఏడ్చింది. నేను లోపలికొచ్చి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చా.

నువ్వు మాట్లాడరా ఆయనతో. నేను చెప్తే కొడుకు భయపడుతున్నాడు అనుకుంటాడు, నువ్వైతే వింటాడు. పెద్దమ్మతో కూడా మాట్లాడించు, ఆర్నెల్లు మింగి లేచి తిరుగుతున్న మనిషి గొంతు వింటే వేరేగా ఉంటది. ఇప్పుడు రోజు మార్చి రోజు వెళ్ళి మింగడం లేదని, ఇంట్లోనే రోజూ వేసుకోవచ్చని, తిండికి కూడా ఇప్పుడు గవర్నమెంటు వాళ్ళు నెలకి వెయ్యి రూపాయలు వేస్తున్నారని చెప్పు. అసలు మచ్చ వేరే ఏదైనా కావచ్చు అని కూడా చెప్పు, అది నిజమే కదా.

సోమవారం పొద్దున్నే అయిదున్నరకి చెయ్యి. ఆయన లేచేది అప్పుడే, లేవగానే పట్టిందే ఇవ్వాలంట. డబ్బా మీద పేరు నేనే రాసి పెట్టా. బండిలో పెట్రోలు కూడా కొట్టించా.

నీ
రవి