లీక్ డిటెక్టర్ల గురించి ఏసీ మెకానిక్ మిత్రులకు

సభ్యులందరికీ నమస్కారం. వేసవి పనులు ఊపందుకోకముందే లీక్ పట్టే పరికరాల గురించి కొన్ని విషయాలు మీ దృష్టికి తెస్తున్నాను.

మంట రంగును బట్టి గ్యాస్ లీక్ పట్టే పాత హాలైడ్ టార్చ్ ఇంకా కొందరి సంచుల్లో ఉంది. గ్యాస్‌లోని క్లోరిన్ తగిలితేనే దాని మంట ఆకుపచ్చగా మారుతుంది. పాత ఏసీ గ్యాస్ ఆర్-22లో క్లోరిన్ ఉంది కాబట్టి అది పనికొచ్చింది గానీ, కొత్త గ్యాసులైన ఆర్-410ఏ, ఆర్-32లలో క్లోరిన్ లేనందున ఎంత పెద్ద లీక్ ఉన్నా రంగు మారదు. పైగా ఆర్-32కు మండే గుణం ఉంది కనుక ఆ మంటను దాని దరిదాపులకు తీసుకెళ్లకూడదు.

కొత్తగా డిటెక్టర్ కొనేవారికి, ధర ఎక్కువైనా, పరారుణ కాంతితో గ్యాస్‌ను గుర్తించే ఇన్‌ఫ్రారెడ్ రకమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మరో రకమైన హీటెడ్ డయోడ్ (వేడి చేసిన సెన్సార్‌తో గ్యాస్ పట్టేది) డిటెక్టర్‌లోని సెన్సార్ నూనె, తేమ తగిలితే త్వరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లలోని ఆర్-600ఏ (ఐసోబ్యూటేన్ అనే హైడ్రోకార్బన్ గ్యాస్)కు మాత్రం హైడ్రోకార్బన్ డిటెక్టరే కావాలి. ఈ గ్యాసులన్నీ గాలి కంటే బరువైనవి కాబట్టి, ఫ్యాన్ ఆపి, ప్రోబ్‌ను జాయింట్ కింది అంచు వెంట సెకనుకు అంగుళానికి మించకుండా జరపండి.

డిటెక్టర్ కూసినంత మాత్రాన లీక్ అక్కడేనని తేల్చేయకుండా సబ్బు నురగతో నిర్ధారించుకోండి. ఫ్లేర్ నట్ (రాగి పైపును బిగించే నట్) దగ్గర సన్నని లీక్ అయితే పెద్ద బుడగ రాదు, కాసేపటికి ఆవగింజంత తెల్లని నురుగు మాత్రమే పేరుకుంటుంది.

గ్యాస్ మొత్తం పోయిన యూనిట్‌లో లీక్ వెతకడానికి రెగ్యులేటర్ ద్వారా డ్రై నైట్రోజన్‌ను, నేమ్‌ప్లేట్‌పై ఉన్న ఒత్తిడి మించకుండా నింపాలి. ఆక్సిజన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. కంప్రెసర్ నూనెతో కలిస్తే అది పేలుతుంది.