ఆ మంట గురించి, నీ భయం గురించి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. కండోమ్ వాడినా, కలిసిన మూడో రోజు నుంచి అక్కడి చర్మం ఎర్రబడి మండుతోందనీ, నిద్ర పట్టడం లేదనీ, ఎవరికీ చెప్పుకోలేక నాకు రాస్తున్నాననీ అన్నావు. రాసి మంచి పని చేశావు. మూడేళ్ల క్రితం నేను సరిగ్గా ఇదే స్థితిలో నెలన్నర పాటు నోరు విప్పకుండా నలిగిపోయాను కాబట్టి, నీ దగ్గర ఏదీ దాచను.

అప్పుడు నేను చేసిన మొదటి తప్పు అతిగా కడగడం. ఏదో అంటుకుందన్న భయంతో ఆ రాత్రే యాంటీసెప్టిక్ ద్రవంతో కడిగి, మర్నాటి నుంచి రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో రుద్దాను. అర్ధరాత్రి స్నానాలగదికి గడియ పెట్టుకుని ఫోను లైటు వేసుకుని చూసుకునేవాణ్ణి. ఎప్పటి నుంచో ఉన్న చిన్న బొడిపె కూడా ఆ వెలుగులో కొత్తగా పుట్టినట్టు కనిపించేది. మందుల షాపులో సిగ్గుపడుతూ అడిగితే ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు. పూసిన రెండు రోజులూ హాయిగా ఉండి, మానగానే మంట రెట్టింపైంది. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. ఆ భాగంలో చర్మం పలచన, మందును త్వరగా పీల్చుకుంటుంది; స్టెరాయిడ్ పూస్తూ పోతే ఇంకా పలచబడుతుంది, ఫంగస్ ఉంటే పైకి తగ్గినట్టే కనిపిస్తూ మరింత పాకుతుంది. అలాంటి ట్యూబు నీ దగ్గరుంటే దయచేసి పూయకు.

చివరికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆయన చూసి అడిగిన మొదటి మాట, "రోజుకు ఎన్నిసార్లు కడుగుతున్నారు?" సబ్బు మాన్పించి, మామూలు నీళ్లతో ఒక్కసారి కడగమనీ, వదులైన నూలు లోదుస్తులు వేసుకోమనీ చెప్పారు. పది రోజుల్లో తగ్గింది. కొందరికి కండోమ్‌లోని లేటెక్స్ రబ్బరు గానీ, దాని మీది లూబ్రికెంట్ గానీ పడదనీ, అలాంటివారికి లేటెక్స్ లేని పాలీయురేథేన్ కండోమ్‌లు ఉంటాయనీ కూడా అన్నారు.

అలాగని నీదీ అదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కండోమ్ హెచ్ఐవీ నుంచి, గనేరియా నుంచి బాగా కాపాడుతుంది గానీ, హెర్పిస్, సిఫిలిస్ అది కప్పని చర్మం ద్వారా కూడా సోకవచ్చు. నీటి పొక్కులు, నొప్పి లేని పుండు, చీము, మూత్రంలో మంట, గజ్జల్లో బిళ్లలు, వీటిలో ఏది కనిపించినా ఒక్కరోజు కూడా ఆగకు.

హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో సలహా, పరీక్ష రెండూ అందించే ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం. నీ అనుమతి లేకుండా ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఉంది. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోను చేసినా సలహా ఇస్తారు. వైరస్ భాగాన్నీ, దానిపై శరీరం తయారుచేసే యాంటీబాడీలనీ రెండింటినీ వెతికే నాలుగో తరం పరీక్షను ప్రయోగశాలలో చేయిస్తే, కలిసిన రోజు నుంచి 45 రోజులు నిండాక, వేలి రక్తంతో చేసే ర్యాపిడ్ పరీక్షను 90 రోజులు నిండాక నమ్మవచ్చు. నేను ఆ గడువు దాటాక కూడా నాలుగుసార్లు చేయించుకున్నాను. నెగెటివ్ అన్న కాగితం చేతిలో ఉన్నా ధైర్యం రెండు రోజులకు మించి నిలవలేదు. నన్ను తినేస్తున్నది జబ్బు కాదు, తప్పు చేశానన్న బాధ అని అక్కడి కౌన్సెలర్‌తో మాట్లాడిన రోజు గానీ నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరంలో "నాకిది జరగాల్సిందే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయింది అందుకే. నువ్వు ఏ శిక్షకూ అర్హుడివి కావు.

గురువారం సెలవు పెట్టి వస్తున్నాను. డాక్టరు దగ్గరకు ఇద్దరం కలిసే వెళ్దాం, నేను బయట కూర్చుంటాను. అప్పటిదాకా సబ్బు ముట్టుకోకు, రాత్రి ఫోను లైటు వేసి చూసుకోకు.

నీ మిత్రుడు