ప్రాణాలు పోయాకే లెక్కలోకి తీసుకుంటారా?

సంపాదకుడు గారికి,
నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో రోడ్డు ప్రమాదాలు తగ్గించాలని అధికారులు సమావేశాలు పెడుతున్నారు. బ్లాక్ స్పాట్లు గుర్తించి పనులు చేయిస్తామంటున్నారు. సంతోషమే. కానీ బ్లాక్ స్పాట్ అని దేన్నంటారో చాలామందికి తెలియదు. జాతీయ రహదారి మీద ఓ 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణాలు పోయినవి గానీ, తీవ్ర గాయాలైనవి గానీ 5 ప్రమాదాలు జరగాలి. లేదంటే ఆ మూడేళ్లలో 10 మంది చనిపోవాలి. కేంద్ర రవాణా శాఖ పెట్టిన లెక్క ఇది. నాలుగు ప్రమాదాల్లో నలుగురు పోయిన చోటు ఈ లెక్కలో ఇంకా బ్లాక్ స్పాట్ కాదు. ఐదో ప్రమాదం దాకా ఎదురుచూడాలా?

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కడ గుండె గుభేల్మంటుందో స్టీరింగ్ పట్టినవాళ్లకి ముందే తెలుస్తుంది. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎన్నో ఊళ్లున్నాయి. చాలా చోట్ల ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క. బడి, బస్సు స్టాపు, బ్యాంకు కూడా అంతే. జనం రోజూ రోడ్డు దాటక తప్పదు. డివైడర్ మధ్యలో దారి ఉన్నచోట ప్రమాదాలు జరుగుతున్నాయని దాన్ని మూసేస్తారు. కింద నుంచి దాటే దారి మాత్రం కట్టరు. అప్పుడు బైకు మీద వెళ్లేవాడు అవతలి దారి కోసం దూరం పోలేక రాంగ్ రూట్లో వస్తాడు. గడ్డిమోపు ఎత్తుకున్న ఆడమనిషి డివైడర్ ఎక్కి దాటుతుంది. ప్రమాదం పోలేదు, నాలుగు అడుగులు అటు జరిగిందంతే. తప్పు జనానిదని రాసేస్తున్నారు. నేను ఒప్పుకోను.

80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. మనిషి కనబడ్డాక డ్రైవరు కాలు బ్రేకు మీదకి వెళ్లేసరికే ఆ సెకను అయిపోతుంది. లోడు లారీ అయితే ఆగడానికి ఇంకెంత దూరం కావాలో డ్రైవర్లని అడగండి. అందుకే ఊళ్లు తగిలిన ప్రతి చోటా ముందు వేగం తగ్గించే ఏర్పాటు, రాత్రిపూట వెలుగు ఉండాలి.

చీకట్లో హైవే ఎంత భయంకరమో ఈ జిల్లాకి ఎవరూ చెప్పక్కర్లేదు. కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు గారి కారు రణస్థలం దగ్గర ఆయిల్ ట్యాంకర్‌ని ఢీకొని 2012 నవంబరు 2 తెల్లవారుజామున ఆయన్ని పోగొట్టుకున్నాం. జిల్లా అంతా ఏడ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా రాత్రిళ్లు లారీలు ఇండికేటర్ లేకుండా రోడ్డు వారన నిలిచే ఉంటున్నాయి. డ్రైవరుకి నిద్ర కావాలి, టీ కావాలి, అది నిజం. బండి పెట్టుకునే చోటు చూపించి, ఆ తర్వాత కూడా రోడ్డు మీద ఆపితే ఫైను వేయండి.

లోపలి రోడ్ల సంగతి వేరు. పాలకొండ వైపు, రాజాం వైపు వెళ్తుంటే ప్రతి ఊరూ సొంతంగా ఓ స్పీడ్ బ్రేకర్ కట్టుకుంది. నిబంధన ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ముందు బోర్డుండాలి, పైన తెల్లరంగు ఉండాలి. మన దగ్గర కట్టేవి నిటారు గట్లు. బండి వెనక ఒక పక్కకి కూర్చున్న ఆడవాళ్లు పడిపోయేది అక్కడే. ఊరివాళ్ల భయం అర్థమవుతుంది, కానీ ఆ పని రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్లు చేయాలి.

కోతల కాలంలో ధాన్యం, చోళ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. రాత్రి కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు. తెల్లారేసరికి ఏ బైకో ఆ రాయికి తగులుతుంది. రైతుని తిట్టి లాభం లేదు, ఆరబెట్టుకోవడానికి అతనికి ఇంకో జాగా లేదు. ఊరికొక సిమెంటు కళ్లం కట్టించడం కూడా రోడ్డు భద్రత పనే అని నా అభిప్రాయం.

హెల్మెట్ తనిఖీలు వద్దనను. గట్టిగా చేయాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, నూటికి 44 మందికి పైగా బైకులు, స్కూటర్ల మీద వెళ్లేవాళ్లే. కానీ నూటికి 19 మందికి పైగా పాదచారులు. నడిచి వెళ్లేవాళ్లని ఏ హెల్మెట్ కాపాడుతుంది?

ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన రహదారి భద్రతా కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2017 నవంబరులోనే చెప్పింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో, 198ఎ సెక్షన్ కింద, రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. చట్టం ఉంది, కమిటీ ఉంది. ఆ కమిటీ ఏ పని ఎవరికి అప్పగించింది, ఎప్పటికి పూర్తి కావాలి అన్నది మాత్రం ఊళ్లోవాళ్లకి తెలియదు. ఆ నిర్ణయాలు తెలుగులో రాసి గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టండి. గడువు దాటితే ఎవరిని అడగాలో జనానికి తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ సమావేశాలకి 108 సిబ్బందిని, ఆర్టీసీ, ఆటో డ్రైవర్లని పిలవండి. ఎక్కడ త్రుటిలో తప్పిందో పోలీసు రికార్డుల్లో ఉండదు, వీళ్లకి తెలుస్తుంది. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు, మహిళా పోలీసు ఉన్నారు. జనం దాటే చోట్లు ఊరూరా తిరిగి రాసి కమిటీకి ఇవ్వమనండి.

అండర్‌పాస్‌లకి డబ్బు, సమయం కావాలి. అవి వచ్చే ఏడాది ప్రణాళికలో పెట్టండి. సంక్రాంతికి విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి మన వలస పిల్లలంతా ఇళ్లకి వస్తారు, చాలామంది బైకుల మీదే. ఆ లోపు ఊళ్ల దగ్గర లైట్లు వెలిగించడం, స్పీడ్ బ్రేకర్లకి రంగు వేయడం, రోడ్డు వారన నిలిపిన లారీలు తీయించడం కలెక్టరు గారు తలుచుకుంటే అయ్యే పనులే. వీటికి ఒక తేదీ ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా